ఏదో ఒక కీ

ఆ కంటి ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. పేషెంట్ల నోళ్ళలో ఆమె చుక్కలావిడ. వరండా చివరి చీకటి గదిలో, మనిషి తల పట్టేంత తెల్లని గిన్నె లాంటి యంత్రం ముందు వాళ్ళను కూర్చోబెడుతుంది. ఒక కంటికి మూత వేసి, గడ్డాన్ని మెత్త మీద ఆనించి, చేతిలో ఒక బటన్ పెడుతుంది. "మధ్యలో ఉన్న పసుపు దీపాన్నే చూస్తూ ఉండండి. చుట్టూ ఎక్కడైనా తెల్ల చుక్క మెరిస్తే నొక్కండి. మెరవకపోతే ఊరుకోండి. కళ్ళు తిప్పి వెతక్కండి," అంటుంది. ఈ మాటలు ఆమె నిద్రలో కూడా అంటుందని భర్త ఎగతాళి చేసేవాడు. ఎవరు ఎక్కడ నొక్కారో, ఎక్కడ నొక్కలేదో పక్కనున్న కంప్యూటర్ గుర్తుపెట్టుకుని చివర్న ఒక పటం గీస్తుంది. చూపు ఉన్నచోట తెలుపు, తగ్గినచోట బూడిద రంగు, పోయినచోట నలుపు.

గత వారం ఆ కంప్యూటర్ పనిచేయడం మానేసింది. పాడై మానేయలేదు, బాగుచేస్తే మానేసింది. చుట్టపుచూపుగా వచ్చిన డాక్టరుగారి మేనల్లుడు దాన్ని చూసి ముక్కున వేలేసుకున్నాడు. "ఇంత పాత సిస్టమ్ మీదా మీరు మనుషుల కళ్ళు చూస్తున్నది?" అని జాలిపడి, ఎవరూ అడగకుండానే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి వెళ్ళాడు. తెర మీద రంగులు కళకళలాడాయి. గిన్నెలో మాత్రం దీపం వెలగలేదు. కొత్త సిస్టమ్‌కు ఆ యంత్రం భాష రాదు. యంత్రం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి నేర్పేవాళ్ళూ లేరు. మిగిలిన దారి ఒక్కటే. కొత్తదాన్ని పీకేసి మళ్ళీ పాతదాన్నే ఎక్కించాలి.

"ఆదివారం లోపల లేస్తే లేచింది. లేకపోతే దీన్ని తీసేసి, అందరినీ పెద్దాసుపత్రికి పంపిద్దాం. అక్కడ కొత్త మెషిన్ వచ్చిందట," అన్నాడు డాక్టరు.

సోమవారం పరీక్షకు రావలసినవాళ్ళలో మొదటి మనిషి ఆమె భర్త.

అతను టౌన్ బస్సు నడుపుతాడు. కిందటేడు ఇదే గిన్నెలో తల పెట్టినప్పుడు, రెండు కళ్ళ పటాల్లోనూ పై అంచున బొటనవేలి ముద్రంత బూడిద రంగు కనిపించింది. కంటిలో ఒత్తిడి నరాన్ని కొరుకుతోందన్నాడు డాక్టరు. ఏడాది మందు వేసి, ఇదే మెషిన్ మీద మళ్ళీ చూద్దామన్నాడు. అంతే ఉంటే మందుతో నెట్టుకు రావచ్చు, పెరిగితే ఆపరేషన్ ఆలోచించాలి, స్టీరింగ్ మాట మర్చిపోవాలి. పెద్దాసుపత్రి మెషిన్ తన కొలతలతో తన పటం తను గీస్తుంది. పాత పటాన్ని దాని పక్కన పెట్టి పోల్చలేరు. అక్కడ మొదలుపెడితే, మచ్చ పెరుగుతోందో లేదో తేలడానికి మళ్ళీ నెలల తరబడి ఆగాలి. ఆ నెలలన్నీ అతను బస్సు నడుపుతూనే ఉంటాడు.

ఇవన్నీ ఆమెకు తెలుసు. భర్తకూ తెలుసు. ఏడాదిగా ఇంట్లో ఈ మాట ఎత్తకుండా ఇద్దరూ చాలా నేర్పుగా మసలుకున్నారు. రాత్రి పడుకునే ముందు అతను తల వెనక్కి వాలుస్తాడు, ఆమె కళ్ళలో మందు వేస్తుంది, అతను "చాలు చాలు, గొంతులోకి దిగుతోంది" అంటాడు. అంతే.

ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రి తాళాలు ఆమే తీసింది. వెనకే మరిది వచ్చాడు, భుజాన సంచితో. ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. నోరు ఊరుకోదు గానీ పని తెలిసినవాడు.

"వదినా, దీని వయసెంత? మా పెళ్ళి కంటే పెద్దదా?"

"పెద్దదే. అయినా మొన్నటిదాకా చెప్పిన మాట వినేది."

"అంటే నేను విననా?"

"నేనెక్కడన్నాను? మీ ఆవిడ అంటోంది."

"మీరిద్దరూ ఫోన్‌లో ఇవే మాట్లాడుకుంటారన్నమాట," అంటూ అతను కుర్చీ లాక్కున్నాడు. డాక్టరు బీరువాలోంచి తీసి ఇచ్చిన పాత సీడీని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. కంప్యూటర్లో పెట్టాడు. నల్లటి తెర మీద ఒక వరుస ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. సీడీ నుంచి మొదలుపెట్టాలంటే ఏదో ఒక కీ నొక్కండి అని. దాని చివర తెల్లని చుక్కలు ఒకటొకటిగా పుట్టుకొస్తున్నాయి. అతని చేతులు సంచిలో ఉన్నాయి.

"నొక్కండి వదినా, నొక్కండి, పోతుంది!"

ఆమె వంగి ఒక కీ నొక్కింది. సీడీ గర్రున తిరిగింది. కాసేపటికి తెరంతా నీలంగా మారి తెల్లక్షరాలతో నిండిపోయింది. అక్కడే బిగుసుకుపోయింది.

"ఏంటిది, తిడుతోందా?"

"తిట్టడమే. హార్డ్ డిస్క్ కనపడటం లేదంటోంది." అతను మెషిన్ ఆపి, మళ్ళీ వేసి, ఏదో లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళాడు. "ఇదిగో. మేనల్లుడుగారు డిస్క్‌ని కొత్త పద్ధతిలో పెట్టారు. పాత సిస్టమ్‌కి ఆ పద్ధతి తెలీదు. అందుకని డిస్క్‌నే పాత పద్ధతిలో మాట్లాడమనాలి."

"ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర మనం చేసేదే కదా."

"అంతే. పెద్దవాళ్ళు మారరు, మనమే సర్దుకోవాలి."

ఈసారి నీలం తెర వచ్చినా తిట్టలేదు. మర్యాదగా స్వాగతం చెప్పి, ఎక్కడ ఎక్కించాలని అడిగింది. డిస్క్ రెండు భాగాలుగా ఉంది. రెండోదాంట్లో పేషెంట్ల పటాలన్నీ ఉన్నాయి. దాన్ని ముట్టుకోకూడదని అతను తనకు తనే రెండుసార్లు చెప్పుకుని, మొదటి భాగాన్ని చెరిపేశాడు. ఫైళ్ళు కాపీ అవడం మొదలైంది. కొంచెం పోయాక ఫలానా ఫైలు చదవలేకపోతున్నానంది. ఆమె డ్రాయరులోంచి కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తీసి ఇచ్చింది. అతను సీడీని మధ్యనుంచి అంచుకు, అంచుకు అంటూ తుడిచి పెట్టాడు. అప్పుడు చదివింది. పసుపు గీత ఒకటి ఎడమ నుంచి కుడికి నత్తలా పాకసాగింది.

అతని ఫోన్ మోగింది. పేరు చూసి నీరసంగా నవ్వాడు. "మా అత్తగారు. ఎత్తితే ఓ పట్టాన పెట్టరు, ఎత్తకపోతే ఇంకా ప్రమాదం. వరండాలో ఉంటా. అదే కాపీ చేసుకుని, అదే రీస్టార్ట్ అవుతుంది. దాని దారిన దాన్ని వదిలెయ్యండి."

ఆమె కుర్చీలో కూర్చుంది. ఆ గదిలో ఆమె ఎప్పుడూ కూర్చునే కుర్చీ అదే. ఎదురుగా తెల్లని గిన్నె ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. ఎవరి తలా లేనప్పుడు దాన్ని ఇంతసేపు చూసిన గుర్తు ఆమెకు లేదు. గీత కుడి అంచు చేరింది. తెర ఆరిపోయింది, వెలిగింది. నల్లటి తెర మీద అదే వరుస, ఏదో ఒక కీ నొక్కండి. ఒక చుక్క. ఇంకో చుక్క. ఆమె నొక్కింది. సీడీ గర్రున తిరిగింది. పని సాగుతోంది కదా అని ఆమె కిటికీ వైపు తిరిగి, దుమ్ము పట్టిన కర్టెన్‌ను సరిచేసింది.

మరిది వచ్చి చూసేసరికి నీలం తెర మళ్ళీ స్వాగతం చెబుతోంది.

"ఇదేంటి? మొదటికొచ్చిందే!" అతను తల గోక్కున్నాడు. "కాపీ అయింది కదా వదినా?"

"అయింది. గీత చివరిదాకా వెళ్ళింది. నేను చూశాను."

"మరి చేసిందంతా మర్చిపోయినట్టుంది. ర్యామ్ వదులైందో ఏమో." అతను పెట్టె మూత విప్పాడు. లోపల దుమ్ము పరుపులా పేరుకుని ఉంది. ర్యామ్ పలకలు పీకి, ఆమె పెన్సిలు డబ్బాలోని రబ్బరుతో వాటి ఇత్తడి రంగు పళ్ళను రుద్దాడు, ఊదాడు, మళ్ళీ గుచ్చాడు. "ఇది మా వాళ్ళందరి మొదటి వైద్యం. సగం రోగాలు దీనికే పోతాయి."

"మిగతా సగం?"

"మిగతా సగానికి కొత్త కంప్యూటర్ కొనమంటాం."

మళ్ళీ చెరపడం, మళ్ళీ కాపీ. గీత పాకుతుండగా అతనికి హార్డ్ డిస్క్ కేబుల్ మీద అనుమానం వచ్చింది. ఇంట్లో మంచిది ఒకటి ఉందని, ఇప్పుడే వస్తానని బండి తీశాడు. అతను వీధి మలుపు తిరిగిన చప్పుడు కూడా ఆగకముందే గీత అంచు చేరింది. తెర ఆరి వెలిగింది. చుక్కలు వచ్చాయి. ఆమె నొక్కింది.

కేబుల్‌తో వచ్చిన మరిది గుమ్మంలోనే ఆగిపోయాడు. నీలం తెర స్వాగతం చెబుతూనే ఉంది. అతని మొహంలో హాస్యం తగ్గింది. కేబుల్ మార్చాడు. మళ్ళీ చెరిపాడు, మళ్ళీ గీత పాకనిచ్చాడు. చేతులు కట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"వదినా, మీరేమన్నా ముట్టుకున్నారా?"

"లేదు."

అబద్ధమాడానని ఆమెకు అనిపించలేదు. ముట్టుకోవడం అంటే ఆమె లెక్కలో పెట్టె విప్పడం, తీగలు కదపడం. అడిగినదానికి జవాబివ్వడం ముట్టుకోవడం కాదు.

"అయితే మదర్‌బోర్డే పోయిందేమో. బోర్డు పోతే నా చేతిలో లేదు. ఇది ఆఖరిసారి. ఇప్పుడూ మొదటికొస్తే చేతులెత్తేద్దాం. అన్నయ్యని పెద్దాసుపత్రికే తీసుకెళ్దురుగాని." అతను నల్లబడిన చేతులు చూసుకున్నాడు. "ఈ మసి కడుక్కుని, కింద టీ చెప్పి వస్తా. మీకు చక్కెర లేకుండానా?"

"వేసే తెమ్మను."

ఆమె మళ్ళీ ఒంటరిగా మిగిలింది. అన్నయ్యని పెద్దాసుపత్రికే తీసుకెళ్దురుగాని. ఆ మాట వినగానే లోపల ఏదో సడలింది. తడి బట్ట పిండాక వేళ్ళు సడలినట్టు. బాధ పడవలసిన చోట ఈ సడలింపు ఏమిటని ఆమె కాస్త ఆశ్చర్యపోయింది. కొత్త మెషిన్, కొత్త పటం. మచ్చ ఉంటుంది గానీ పెరిగిందని ఎవరూ అనలేరు. అనడానికి నెలలు పడుతుంది. నెలలు చాలా పెద్దవి.

గీత అంచు చేరింది. తెర ఆరింది. వెలిగింది. ఆ వరుస వచ్చింది. మొదటి చుక్క పుట్టింది.

ఆమె తన కుడి చెయ్యి లేవడం చూసింది.

ఇంతకుముందు ఆ చెయ్యిని ఆమె చూడలేదు. ఇప్పుడు పక్కన ఇంకెవరో కూర్చున్నట్టు చూసింది. చూపుడు వేలు కొద్దిగా వంగి, కీబోర్డు మీద గాలిలో ఉంది. ఎవరూ దాన్ని పంపలేదు. ఆమె బుర్ర ఇంకా పెద్దాసుపత్రి దగ్గరే ఉంది. ఏళ్ళ తరబడి తెల్ల చుక్క మెరిస్తే నొక్కమని వందల మందికి చెప్పి చెప్పి, ఆ మాట నోటిలోంచి చేతిలోకి దిగిపోయినట్టుంది. మొదటిసారి మరిది నొక్కమన్నాడు. తర్వాత ఎవరూ అనలేదు. దాని దారిన దాన్ని వదిలెయ్యండి అని కూడా అన్నాడు. విన్నది. నొక్కింది. రెండుసార్లూ నొక్కాకే మొదటికి వచ్చింది.

రెండో చుక్క.

పేషెంట్లలో కొందరు చుక్క లేకపోయినా నొక్కుతారు. మొదట్లో ఆమె వాళ్ళను అబద్ధాలకోరులనుకునేది. తర్వాత తెలిసింది, వాళ్ళు ఖాళీని భరించలేరు. పసుపు దీపం, నిశ్శబ్దం, ఏమీ మెరవకపోవడం. అది పోతున్న కన్నేమో అనిపించకముందే వేలు నొక్కేస్తుంది. అడిగితే నిజంగానే చూశామంటారు. వాళ్ళను ఆమె ఎప్పుడూ కోప్పడలేదు. వాళ్ళలో తనూ ఒకతె కావచ్చన్న ఊహ మాత్రం ఇంతకాలం రాలేదు.

మూడో చుక్క.

తెలియక నొక్కింది, అది సరే. కానీ నిజంగా తెలియదా? ఆ సంగతి తేల్చుకోవడానికి ఇది సమయం కాదు, ఎప్పటికైనా తేలుతుందన్న నమ్మకమూ లేదు. ఇప్పుడు నొక్కితే మాత్రం అది తెలిసి నొక్కడమే. మరిది పైకి వస్తాడు, నీలం తెర చూస్తాడు, బోర్డు పోయిందంటాడు. ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు. టీ తాగి తలుపులు వేసుకుని వెళ్ళిపోవచ్చు. ఒక్క వేలు చాలు.

నాలుగో చుక్క వచ్చింది. ఆమె చేసినదాన్ని నిర్ణయం అనడం కష్టం. చేతిని ఒళ్ళోకి దించుకుంది. అక్కడ ఉండనిచ్చింది. ఇంకో చుక్క పుట్టి, వరుస మొత్తం చెరిగిపోయింది. తెర నల్లగా, మరీ ఎక్కువసేపు నల్లగా ఉండిపోయింది. తర్వాత రంగు బొమ్మ ఒకటి వచ్చి, ఎక్కించే పని మిగతా సగం మొదలైందని, కాసేపు ఓపిక పట్టమని చెప్పింది.

మరిది టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి కేకేశాడు. "అరె! పోయింది, ముందుకు పోయింది! నేను చెప్పలా, కేబులే! కేబుల్ మహత్యం!"

"కేబుల్ కాదు," అంది ఆమె గ్లాసు అందుకుంటూ. "నేను నొక్కుతున్నాను."

"ఏం నొక్కుతున్నారు?"

"ఏదో ఒక కీ నొక్కమంటుంది కదా, చుక్కలతో. అడిగినప్పుడల్లా నొక్కాను. ఇప్పుడు నొక్కలేదు."

అతను నోరు తెరిచి, మూసి, గ్లాసు బల్ల మీద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "వదినా! నా ర్యామ్! నా రబ్బరు! ఎండలో పడి నేను కేబుల్ కోసం..." నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకున్నాడు. "అది ఊరికే అడుగుతుంది వదినా. మొదటిసారి నొక్కాలి, తర్వాత నొక్కకూడదు. నొక్కకపోతే డిస్క్ మీద తను ఆపిన చోటు నుంచి అందుకుంటుంది. నొక్కితే పాపం, మళ్ళీ సీడీ దగ్గరికి పరిగెడుతుంది. తప్పు నాదేలెండి, చెప్పాల్సింది. ముట్టుకున్నారా అంటే లేదన్నారు!"

"ముట్టుకున్నానని తెలీలేదు."

"అన్నయ్యకి చెబితే ఈ నెలంతా ఇంట్లో టీవీ అక్కర్లేదు."

"చెప్పు. నాకేం?"

ఆ తర్వాత పని నల్లేరు మీద నడకలా సాగింది. సిస్టమ్ లేచింది. చిన్న తెర, మోటు రంగులు, ఆమెకు అలవాటైన పాత మొహం. మరిది యంత్రం తాలూకు ప్రోగ్రామ్ ఎక్కించాడు. ఒకసారి అది గిన్నె నుంచి వచ్చే కేబుల్ కనపడటం లేదని పేచీ పెట్టింది. అతను దాన్ని వెనకవైపున్న వేరే రంధ్రంలోకి మార్చాడు. గిన్నె నడుమ పసుపు దీపం వెలిగింది. రెండో భాగంలోని పటాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆమె భర్త కిందటేటి పటం కూడా ఉంది. పై అంచున బొటనవేలి ముద్రంత బూడిద రంగు.

డ్యూటీ దిగి, ఆ చొక్కాతోనే భర్త వచ్చేసరికి సాయంత్రమైంది. "ఏరా, లేచిందా మీ వదిన ముద్దుల మెషిన్?"

"లేచింది గానీ అన్నయ్యా, అదెందుకు లేవలేదో చెబితే నువ్వు పడిపోతావు. కూర్చో ముందు."

తమ్ముడు చెప్పాడు. చెబుతూ చెబుతూ చేతిని గాలిలో లేపి వేలు వంచి చూపించాడు. భర్త పొట్ట అదిరేలా నవ్వాడు. "ఇంట్లోనూ అంతేరా. డోర్ బెల్ టీవీలో మోగినా లేచి వెళ్ళి తలుపు తీస్తుంది."

"ఒక్కసారి తీశాను. ఆ ఒక్కసారీ ఊరంతా చెప్పారు," అంది ఆమె.

"సరే గానీ, ఎవరి మీదన్నా ఒకసారి నడిపి చూడాలి," అన్నాడు మరిది. "పొద్దున డాక్టరుగారి ముందు మొండికేస్తే నా పరువు పోతుంది. అన్నయ్యా, నువ్వు కూర్చో. రేపటి పని ఇవాళే అయిపోతుంది."

భర్త నవ్వు మొహం మీదే ఉంది గానీ కొంచెం ఆలస్యంగా అన్నాడు, "ఇవాళ పొద్దుట్నుంచీ ఎండలో తోలాను. కళ్ళు మండుతున్నాయి."

"రేపు పొద్దున ఎండలో తోలకుండా వస్తారా?" అంది ఆమె.

అతను వచ్చి కూర్చున్నాడు. ఆమె ఎడమ కంటికి మూత వేసింది, గడ్డం సర్దింది, బటన్ చేతిలో పెట్టింది. గదిలో లైటు ఆర్పి, చెప్పవలసిన నాలుగు ముక్కలూ చెప్పింది. అందరికీ చెప్పే గొంతుతోనే చెప్పింది. పరీక్ష మొదలైంది.

యంత్రానికి ఒక అలవాటు ఉంది. చుక్క చోటు మార్చేటప్పుడు లోపల మోటారు చిన్నగా గర్రుమంటుంది. అప్పుడప్పుడూ అది కావాలనే గర్రుమని, చుక్క వెయ్యకుండా ఊరుకుంటుంది. అప్పుడు కూడా నొక్కినవాళ్ళ లెక్క తెర అంచున విడిగా పడుతుంది. ఆ లెక్క పెరుగుతోంది. అతను చకచకా నొక్కుతున్నాడు. పటం మీద పై అంచు తెల్లగా, చాలా తెల్లగా నిండుతోంది. కిందటేడు మచ్చ ఉన్నచోట కూడా.

"బ్రహ్మాండంగా ఉందే!" అన్నాడు మరిది ఆమె భుజం మీదుగా చూసి.

"నువ్వు వెళ్ళి ముందు గేటు దగ్గరగా వేసి రా. ఎవరైనా తెరిచి ఉందనుకుని వస్తారు."

అతను వెళ్ళాడు. ఆమె పరీక్ష ఆపింది.

"ఏం, ఆగిపోయిందా మళ్ళీ?" భర్త గొంతు గిన్నెలోంచి గుండ్రంగా వచ్చింది.

"ఆగలేదు. ఆపాను. మీరు చూసి నొక్కడం లేదు. విని నొక్కుతున్నారు."

"వినా?"

"మోటారు గర్రుమన్నప్పుడల్లా."

"గర్రుమంటే చుక్క వస్తుందనే కదా."

"అన్నిసార్లూ రాదు."

"ఇదెక్కడి న్యాయం? మా డిపోలో కూడా ఇంత మోసం లేదు."

ఆమెకు నవ్వు వచ్చింది. అతనూ నవ్వాడు, గడ్డం ఎత్తకుండానే. అతని చొక్కా కాలరు వెనక చెమట ఆరి తెల్లటి గీత కట్టి ఉంది.

"మళ్ళీ మొదట్నుంచి పెడతాను," అంది ఆమె. "కనిపిస్తేనే నొక్కండి."

"కనిపించకపోతే?"

"ఊరుకోండి."

"ఊరుకుంటే నల్లగా వస్తుంది."

"వస్తుంది."

గేటు ఇనుము గచ్చు మీద రాసుకున్న చప్పుడు దూరంగా వినిపించింది. "పెట్టు," అన్నాడు భర్త.

ఈసారి పరీక్ష మెల్లగా నడిచింది. మోటారు గర్రుమనడం, బటన్ టిక్కుమనడం. గర్రుమనడం, ఏమీ లేకపోవడం. ఆ ఏమీ లేకపోవడాల పొడవును ఆమె కొలవలేదు. పేషెంటు అలసిపోతే ఆపి విశ్రాంతి ఇవ్వవచ్చు, అతను అడగలేదు. కుడి కన్ను అయింది. మూత మార్చింది. మరిది వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. గదిలో గాలి మారినట్టు అతనికీ అర్థమై, మాట్లాడకుండా మళ్ళీ వరండాలోకి వెళ్ళిపోయాడు.

పటాలు వచ్చాయి. పరీక్ష చేసేవాళ్ళు ఫలితం చెప్పకూడదని నియమం. ఎవరడిగినా డాక్టరుగారు చెబుతారు అనాలి. ఆమె గదిలో లైటు వేసింది. భర్త కళ్ళు చిట్లిస్తూ కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఎలా వచ్చింది?"

"పెరిగింది."

"ఎంత?"

ఆమె కిందటేటి పటాన్నీ ఇవాళ్టిదాన్నీ తెర మీద పక్కపక్కన పెట్టింది. బొటనవేలి ముద్ర ఉన్నచోట ఇప్పుడు అరచెయ్యి అడ్డం పెట్టినంత మేర నలుపు. రెండు కళ్ళలోనూ. అతను కాసేపు చూశాడు. దారి తెలిసిన ఊరి మ్యాపు చూస్తున్న మనిషిలా పెద్దగా ఆశ్చర్యపోకుండా చూశాడు.

"సిగ్నల్ లైటు," అన్నాడు. "దూరం నుంచి కనిపిస్తుంది. దగ్గరికొచ్చేసరికి ఉండదు. తల ఎత్తాలి. అన్నిసార్లూ ఎత్తడం గుర్తుండదు కదా. కండక్టర్ చెబుతుంటాడు, రెడ్డు అన్నా, గ్రీను అన్నా అని."

"ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచి. వానేమోలే అనుకున్నా. వానలు పోయాయి."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

"అడిగితే చెప్పేవారా?"

అతను ఆలోచించాడు. "లేదు," అన్నాడు.

ఆమె అతని కుర్చీ పక్కన నిలబడింది. ఏడుపు రాలేదు. నెలల తరబడి వానలో, ఎండలో, నిండు బస్సు ఒకటి రెండో మనిషి కళ్ళతో ఊళ్ళో తిరిగింది. ఆ సంగతి ఆమె బుర్రలోకి నింపాదిగా, ఒక్కొక్క వీధిగా దిగుతోంది. స్కూళ్ళ ముందు వీధి. మార్కెట్ వీధి. తను రోజూ రోడ్డు దాటే ఆసుపత్రి వీధి.

భర్త జేబులోంచి ఫోన్ తీసి, చేతిని కొంచెం కిందికి దించి పట్టుకుని డిపో మేనేజరు నంబర్ వెతికాడు. అలా దించి పట్టుకోవడం ఆమె ఇన్నాళ్ళూ చూస్తూనే ఉంది. బద్ధకం అనుకుంది.

"నమస్తే సార్. రేపటి డ్యూటీ సంగతి... నేను రాను సార్. జ్వరం కాదు. కళ్ళు. అబ్బే, కళ్ళకలక కాదు సార్, అంటుకునేది కాదు, మీరు భయపడకండి." నవ్వాడు. నవ్వి, గిన్నె వైపు తిరిగాడు. "ఒక్క రేపటికి కాదు సార్. డ్యూటీ బోర్డు మీంచి నా పేరు తీసెయ్యండి."

అటువైపు మాట్లాడుతున్నది బయటికి సన్నగా వినిపిస్తోంది గానీ మాటలు తెలియడం లేదు. అతను ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. "లీవు దేని కింద రాయాలంటున్నాడు."

"డాక్టరుగారు పొద్దున కాగితం రాసిస్తారని చెప్పండి."

"కాగితం తెస్తా సార్. ఆఁ, పొద్దున." అతను లేచి నిలబడి, కుర్చీని తిరిగి గిన్నె దగ్గరికి జరిపాడు. "ఇంకోటి సార్. మా కండక్టర్‌కి కూడా చెప్పండి. రేపట్నుంచి అతను టిక్కెట్లు చూసుకుంటే చాలని."